అమానతు – రేపు మనం ఒంటరిగా ఇచ్చుకోవలసిన లెక్క

మనిషి ఉదయం లేచినప్పటి నుంచి రాత్రి పడుకునేదాకా ‘నాది’ అనే మాట ఎన్నిసార్లు పలుకుతాడో లెక్కలేదు. నా ఇల్లు, నా పొలం, నా దుకాణం, నా పిల్లలు, నా సంపాదన అంటూ ఉంటాడు. అయితే ఒక రోజు వస్తుంది. ఆ ఇంటి నుంచే అతని జనాజా లేస్తుంది. అతని జేబులోని తాళాలు మరొకరి చేతికి వెళతాయి. అతని పేరుతో ఉన్న పొలం వారసుల పేర్లకు మారుతుంది. అతని వెంట కఫన్ గుడ్డ తప్ప మరేదీ రాదు. నిజంగా అతనిదే అయితే అతని వెంట ఎందుకు వెళ్లలేదు? ఎందుకంటే అది ఎన్నడూ అతనిది కాదు. కొంతకాలం వాడుకోమని అతని చేతికి ఇచ్చినది మాత్రమే. వస్తువు ఇక్కడే ఉండిపోతుంది, దాని లెక్క మాత్రం అతని వెంట వెళుతుంది.

ఈ విషయాన్నే ఇస్లాం ‘అమానతు’ అనే ఒక్క మాటలో చెబుతుంది. ఈ నెల పాఠంలో మనం అమానతు అంటే ఏమిటో, దాని గురించి అల్లాహ్ ముందు మనం ఎలా జవాబు చెప్పుకోవాలో, మన ఇళ్లలో మనం గుర్తించని అమానతులు ఏవో తెలుసుకుందాం.

అమానతు అంటే ఏమిటి?

ఒకరి సొత్తు, ఒకరి హక్కు లేక ఒకరి బాధ్యత మన నమ్మకం మీద మన చేతికి రావడమే అమానతు. ఈమాన్ (విశ్వాసం), అమ్న్ (శాంతి), అమీన్ (నమ్మకస్తుడు) అనే పదాలన్నీ అరబీలో ఒకే మూలధాతువు నుంచి వచ్చాయి. అంటే విశ్వాసానికీ, నమ్మకంగా ఉండటానికీ మధ్య ఉన్న బంధం భాషలోనే ఉంది. దైవప్రవక్త ముహమ్మద్ (సఅసం)కు ప్రవక్త పదవి లభించక ముందే మక్కా ప్రజలు ఆయన్ను ‘అల్ అమీన్’ అని పిలిచేవారు.

అమానతుకు వ్యతిరేకం ఖియానతు, అంటే నమ్మకద్రోహం. మాట్లాడితే అబద్ధం చెప్పడం, మాట ఇస్తే తప్పడం, అమానతు అప్పగిస్తే ద్రోహం చేయడం అనే మూడు లక్షణాలను మహాప్రవక్త (సఅసం) కపటవిశ్వాసికి గుర్తులుగా పేర్కొన్నారు (బుఖారీ, ముస్లిం). నమాజు చదివే మనిషిలో కూడా ఈ గుర్తు ఉండవచ్చు. అందుకే ఇది భయపడవలసిన విషయం.

అల్లాహ్ ఈ అమానతును ఆకాశాల ముందు, భూమి ముందు, పర్వతాల ముందు ఉంచితే అవి దాన్ని మోయడానికి భయపడి వెనుకాడాయనీ, మనిషి మాత్రం దాన్ని ఎత్తుకున్నాడనీ దివ్య ఖుర్ఆన్ (అల్ అహ్‌జాబ్: 72) తెలియజేస్తోంది. కొండలు మోయలేమన్న బరువు మన భుజాల మీద ఉందన్నమాట.

అసలు యజమాని అల్లాహ్

సూరయె హదీద్ 7వ ఆయతులో అల్లాహ్ మనల్ని ఖర్చు చేయమని ఆదేశిస్తూ, ఆ సంపద మీద మనల్ని ప్రతినిధులుగా మాత్రమే చేశానని గుర్తు చేస్తున్నాడు. యజమాని ఆయనే. మనం ఆయన సొత్తు మీద నియమితులైన గుమాస్తాల వంటివాళ్లం. గుమాస్తా చేతిలో గల్లా పెట్టె ఉంటుంది గాని, సాయంత్రం లెక్క అప్పజెప్పకుండా ఇంటికి వెళ్లలేడు.

మన ఇరుగుపొరుగున ఉన్న క్రైస్తవ సోదరులు కూడా ఇటువంటి భావాన్నే ‘గృహనిర్వాహకత్వం’ అనే పేరుతో చెబుతుంటారు. మత్తయి సువార్త 25వ అధ్యాయంలో తలాంతుల ఉపమానం ఉంది. ఒక యజమాని దూరదేశం వెళుతూ ముగ్గురు దాసులకు ఐదు, రెండు, ఒకటి చొప్పున తలాంతుల ధనం అప్పగిస్తాడు. మొదటి ఇద్దరూ దాన్ని రెట్టింపు చేస్తారు. మూడోవాడు భూమిలో పాతిపెట్టి, యజమాని తిరిగి రాగానే ఉన్నదున్నట్టు ఇచ్చేస్తాడు. అతను దొంగతనం చేయలేదు. అయినా యజమాని ఆగ్రహానికి గురవుతాడు. పాపాల పరిహారం విషయంలో వారి విశ్వాసం వేరు, మన విశ్వాసం వేరు. కాని చేతికి ఇచ్చినవాడు ఒకనాడు లెక్క అడుగుతాడన్న మాట దగ్గర ఇద్దరి ఆలోచనా కలుస్తుంది.

మన దగ్గర ఈ లెక్క ఎంత వివరంగా ఉంటుందో చూడండి. ప్రళయదినాన ఐదు ప్రశ్నలకు జవాబు చెప్పనిదే మనిషి పాదాలు తన ప్రభువు ముందు నుంచి కదలవని మహాప్రవక్త (సఅసం) హెచ్చరించారు: ఆయుష్షును దేనిలో గడిపావు, యవ్వనాన్ని దేనిలో కరిగించావు, ధనాన్ని ఎక్కడి నుంచి సంపాదించావు, దాన్ని దేనిలో ఖర్చు చేశావు, నేర్చుకున్న దాని మీద ఎంతవరకు ఆచరించావు (తిర్మిజీ). ఇందులో ధనం గురించి మాత్రమే రెండు ప్రశ్నలున్నాయి. హలాల్‌గా సంపాదించాను కదా అంటే సరిపోదు, దేనిలో పెట్టావని అడుగుతారు. దానధర్మాలు చేశాను కదా అంటే సరిపోదు, ఎక్కడి నుంచి తెచ్చావని అడుగుతారు.

ఎవరి లెక్క వారిదే

మీలో ప్రతి ఒక్కరూ కాపరులే, ప్రతి ఒక్కరినీ వారి మంద గురించి ప్రశ్నించడం జరుగుతుందని దైవప్రవక్త (సఅసం) ఉపదేశించారు. హజ్రత్ అబ్దుల్లా బిన్ ఉమర్ (రజి) ఉల్లేఖించిన ఈ హదీసులో (బుఖారీ, ముస్లిం) పాలకుడి ప్రస్తావన ఉంది, ఇంటి యజమాని ప్రస్తావన ఉంది, ఇల్లాలి ప్రస్తావన ఉంది, యజమాని సొత్తు మీద ఉన్న సేవకుని ప్రస్తావన కూడా ఉంది. పెద్ద పదవిలో ఉన్నవారికే లెక్క అని ఎవరూ తప్పించుకోవడానికి వీల్లేదు. వంటింట్లో నెల సరుకులు చూసుకునే ఇల్లాలికీ లెక్కుంది, దుకాణంలో కూర్చున్న కుర్రవాడికీ లెక్కుంది.

ఆ రోజు ప్రతి ఒక్కరూ అల్లాహ్ సన్నిధికి ఒంటరిగా హాజరవుతారని సూరయె మర్యమ్ (95) తెలియజేస్తోంది. వకీలు ఉండడు, సిఫారసు చిట్టీ ఉండదు. మనిషి కర్మల పత్రాన్ని అతని ముందు తెరిచి పెట్టి నీ లెక్క చూసుకోవడానికి నీవే చాలు అని చెప్పడం జరుగుతుందని సూరయె బనీ ఇస్రాయీల్ (13, 14) వివరిస్తోంది. ఒకరి బరువు మరొకరు మోయరన్న నియమాన్ని ఖుర్ఆన్ అనేక చోట్ల చెప్పింది. అన్నయ్య చెప్పాడు గనుక చేశాను, ఊళ్లో అందరూ ఇలాగే చేస్తున్నారు, మా తాతల నాటి నుంచి ఇదే ఆనవాయితీ అనే మాటలు అక్కడ చెల్లవు.

మహాప్రవక్త (సఅసం) ఆదర్శం

క్రీ.శ. 622లో మక్కా అవిశ్వాసులు దైవప్రవక్త (సఅసం)ను చంపడానికి పన్నాగం పన్నిన రాత్రిని గుర్తు చేసుకోండి. ఆయన మదీనాకు బయలుదేరారు. ప్రాణాపాయం ఉన్న ఆ వేళలో కూడా ఆయన ఇంట్లో మక్కా ప్రజల అమానతులు ఉన్నాయి. ఆయన సందేశాన్ని తిరస్కరించిన ఊరివాళ్లు కూడా తమ విలువైన వస్తువులు దాచుకోవడానికి ఆయన ఇల్లే నమ్మేవారు. ఆయన హజ్రత్ అలీ (రజి)ని వెనుక ఉంచి, ఎవరి వస్తువు వారికి చేర్చిన తర్వాతే రమ్మన్నారు. వీళ్లు నా ప్రాణం తీయబోతున్నారు కదా, వీళ్ల సొమ్ము ఉంచేసుకుంటే తప్పేమిటని ఆయన ఆలోచించలేదు. ఎదుటివాడు చెడ్డవాడైనంత మాత్రాన అమానతు మనది అయిపోదని దీని వల్ల తెలుస్తోంది.

హిజ్రీ 8వ సంవత్సరంలో (క్రీ.శ. 630) మక్కా విజయం లభించింది. కాబా తాళం చెవి ఉస్మాన్ బిన్ తల్హా (రజి) కుటుంబం దగ్గర ఉండేది. ఆ రోజు మహాప్రవక్త (సఅసం) తలచుకుంటే దాన్ని తన బంధువులకు ఇవ్వగలిగేవారు. కాని తాళం చెవిని తిరిగి ఉస్మాన్ (రజి) చేతికే ఇచ్చారు. అమానతులను వాటి హక్కుదారులకు చేర్చమని ఆదేశించే ఆయతు (అన్ నిసా: 58) ఈ సందర్భంలోనే అవతరించిందని ఖుర్ఆన్ వ్యాఖ్యాతలు రాశారు. నేటికీ కాబా తాళం చెవి ఆ వంశంలోని బనీ షైబా కుటుంబం వద్దే ఉంది.

చిన్నదే కదా అనుకోవద్దు

హిజ్రీ 7లో ఖైబర్ యుద్ధం ముగిశాక ముస్లిములు వాదిల్ ఖురా చేరుకున్నారు. అక్కడ మిద్‌అమ్ అనే సేవకుడు మహాప్రవక్త (సఅసం) సామాను దింపుతుండగా ఎక్కడి నుంచో బాణం వచ్చి తగిలి చనిపోయాడు. అతనికి షహాదత్ (వీరమరణం) లభించిందని జనం అభినందించారు. కాని దైవప్రవక్త (సఅసం) కాదన్నారు. ఖైబర్ యుద్ధప్రాప్తిలో పంపకం జరగక ముందే అతను తీసుకున్న ఒక దుప్పటి అతని మీద అగ్నిజ్వాలగా మండుతోందని తెలియజేశారు. ఈ మాట విని ఒక వ్యక్తి ఒకటో రెండో చెప్పుల వారులు తీసుకొచ్చి అప్పగించాడు. ఇది కూడా అగ్నివారే అని ఆయన (సఅసం) అన్నారు (బుఖారీ).

ఆ దుప్పటిలో మిద్‌అమ్‌కూ వాటా వచ్చేదేమో! కాని పంపకానికి ముందు అది అందరి ఉమ్మడి సొత్తు. మసీదు చందా, మదరసా సొమ్ము, వక్ఫ్ దుకాణాల అద్దె చేతిలో ఉన్న ముతవల్లీలు, కమిటీ సభ్యులు ఈ హదీసును గుండెలో పెట్టుకోవాలి. పంపకం జరగని తండ్రి ఆస్తి మీద ఒక్కడే కూర్చున్న కొడుకు కూడా ఆలోచించాలి.

హజ్రత్ జుబైర్ (రజి) అప్పు

అమానతు విషయంలో సహాబాలు ఎంత జాగ్రత్తగా ఉండేవారో తెలుసుకోవాలంటే హజ్రత్ జుబైర్ బిన్ అవ్వామ్ (రజి) వృత్తాంతం చదవాలి. సహీహ్ బుఖారీలో ఆయన కుమారుడు హజ్రత్ అబ్దుల్లా బిన్ జుబైర్ (రజి) దీన్ని స్వయంగా వివరించారు.

హజ్రత్ జుబైర్ (రజి) వద్దకు ప్రజలు తమ ధనం తెచ్చి దాచమనేవారు. ఆయన దాన్ని అమానతుగా తీసుకునేవారు కాదు, అప్పుగా ఇస్తే తీసుకుంటాననేవారు. పోతుందేమోనని తనకు భయంగా ఉందనేవారు. దీని వెనుక ఉన్న మర్మాన్ని అర్థం చేసుకోవాలి. ఫిఖ్హ్ ప్రకారం, అమానతుగా ఉంచిన వస్తువు మన నిర్లక్ష్యం ఏమీ లేకుండా దొంగల పాలైతే, కాలిపోతే, మనం దాన్ని కట్టివ్వనక్కర్లేదు. కాని అప్పుగా తీసుకున్నది ఎలా పోయినా తీర్చవలసిందే. అంటే తన మీద భారం పడినా సరే, నమ్మి ఇచ్చినవాడు నష్టపోకూడదని ఆయన కోరుకున్నారు.

హిజ్రీ 36లో (క్రీ.శ. 656) జమల్ యుద్ధం నాడు ఆయన కుమారుణ్ణి పిలిచారు. ఈ రోజు నేను చనిపోతానని అనిపిస్తోంది, నాకున్న పెద్ద చింత నా అప్పే అని చెప్పారు. ఆస్తి అమ్మి అప్పు తీర్చమని వసీయతు చేశారు. ఎక్కడైనా చేతకాకపోతే నా మౌలాను సహాయం అడుగు అన్నారు. ఆ మౌలా ఎవరని కుమారుడు అడిగితే, అల్లాహ్ అని జవాబిచ్చారు. ఆ తర్వాత అప్పు తీర్చడంలో కష్టం ఎదురైనప్పుడల్లా, జుబైర్ మౌలాను వేడుకున్నాననీ, దారి తెరుచుకునేదనీ అబ్దుల్లా (రజి) చెప్పారు.

ఆయన షహీదయ్యాక లెక్క చూస్తే అప్పు 22 లక్షలు తేలింది. ఇంట్లో నగదు ఒక్క దీనారు గాని, దిర్హము గాని లేదు. భూములూ, ఇళ్లూ ఉన్నాయి. గాబా అనే భూమిని హజ్రత్ జుబైర్ (రజి) 1,70,000కు కొన్నారు. కుమారుడు దాన్ని 16 లక్షల లెక్కన భాగాలుగా అమ్మారు. అబ్దుల్లా బిన్ జాఫర్ (రజి)కి ఆయన నుంచి 4 లక్షలు రావాలి. ఆయన, కావాలంటే మాఫీ చేస్తానన్నారు. కుమారుడు వద్దన్నారు. కావాలంటే చివరన ఇవ్వండి అన్నారు. దానికీ ఒప్పుకోలేదు. ఆ భూమిలోనే భాగం కొలిచి ఇచ్చేశారు.

అప్పులన్నీ తీరాక మిగతా వారసులు మా వాటాలు పంచమన్నారు. అబ్దుల్లా (రజి) పంచలేదు. నాలుగేళ్లపాటు ప్రతి హజ్ కాలంలో, జుబైర్ నుంచి ఎవరికైనా బాకీ రావలసి ఉంటే మా వద్దకు రండి, తీరుస్తాం అని చాటింపు వేయించారు. ఎక్కడో దూరదేశంలో బాకీదారుడు ఒక్కడైనా మిగిలిపోయి ఉంటాడేమోనన్న భయమే దీనికి కారణం. నాలుగేళ్లు గడిచాకే పంపకం చేశారు. ఆయన నలుగురు భార్యల్లో ఒక్కొక్కరికి 12 లక్షల చొప్పున వచ్చింది.

ఈ వృత్తాంతంలో మనకు మూడు పాఠాలున్నాయి. మొదటిది, తండ్రి తన అప్పును దాచలేదు, కొడుక్కి స్పష్టంగా చెప్పారు. రెండవది, కొడుకు బాకీదారులు వచ్చి అడిగేదాకా ఆగలేదు, తానే వెతుక్కుంటూ వెళ్లారు. మూడవది, అప్పు తీరాక ఇంటి ఆడవారి వాటా పైసాతో సహా వారి చేతికి చేరింది.

మన ఇళ్లలో గుర్తించని అమానతులు

అమానతు అంటే పక్కింటివారు దాచమని ఇచ్చిన నగలు మాత్రమే అనుకుంటాం. కాని అన్నింటికంటే పెద్ద అమానతులు మన ఇంట్లోనే, మన పేర్ల మీదే ఉంటాయి.

అక్కచెల్లెళ్ల వాటా: తల్లిదండ్రులు విడిచిన దానిలో మగవారికి వాటా ఉన్నట్టే ఆడవారికీ వాటా ఉందనీ, అది కొంచెమైనా ఎక్కువైనా నిర్ణీతమైనదేననీ అల్లాహ్ స్పష్టం చేశాడు (అన్ నిసా: 7). వాటాల వివరాలు చెప్పిన తర్వాత, ఇవి అల్లాహ్ హద్దులని చెప్పి, వాటిని దాటినవారికి నరకశిక్ష ఉందని హెచ్చరించాడు (అన్ నిసా: 13, 14). అయినా మన ఊళ్లలో జరుగుతున్నదేమిటి? తండ్రి చనిపోయాక పొలం, ఇల్లు అన్నదమ్ములు రాయించుకుంటారు. పెళ్లప్పుడు ఖర్చు పెట్టాం కదా, సామాను ఇచ్చాం కదా అంటారు. పెళ్లిలో ఇచ్చింది కానుక. అది వారసత్వానికి బదులు కాదు. పెళ్లి ఖర్చు పెట్టింది తండ్రి, వాటా నిర్ణయించింది అల్లాహ్.

చెల్లెలు తానే వద్దంది, మాఫీ చేసింది అని కొందరు చెబుతారు. ఆమె ఎందుకు వద్దందో మనసులో అడిగి చూడండి. అడిగితే పుట్టింటి గడప మూసుకుపోతుందన్న భయంతో అన్నదా, సంతోషంతో అన్నదా? మన పెద్ద ఉలమాలు దీనికి చక్కని మార్గం చెప్పారు. ముందు ఆమె వాటా లెక్కకట్టి, ఆమె పేరున చేసి, ఆమె చేతికి అప్పగించండి. కొంతకాలం ఆమె అధీనంలో ఉండనివ్వండి. ఆ తర్వాత ఎవరి ఒత్తిడీ లేకుండా తానుగా ఇస్తే అది కానుక. చేతికే అందనిదాన్ని ఆమె ఎలా ఇవ్వగలదు?

విదేశం నుంచి వచ్చే డబ్బు: మన తెలుగు ప్రాంతాల నుంచి ఎందరో సోదరులు గల్ఫ్ దేశాల్లో ఎండలో పనిచేసి ఊరికి డబ్బు పంపుతుంటారు. స్థలం కొనమని, ఇల్లు కట్టమని అన్నకో, బావకో పంపుతారు. ఇక్కడివారు దాన్ని తమ పేరున కొనడం, కొంత తమ అవసరాలకు వాడుకోవడం, పదేళ్ల తర్వాత లెక్క అడిగితే అలగడం జరుగుతోంది. అమానతు సొమ్మును యజమాని అనుమతి లేకుండా తన సొమ్ములో కలిపి ఖర్చు చేసుకున్నవాడు దాన్ని పూర్తిగా కట్టివ్వవలసి ఉంటుంది. తమ్ముడే కదా అన్న ధైర్యం పరలోకంలో పనికిరాదు.

భార్య మహర్: నికాహ్ పుస్తకంలో రాసిన మహర్ అలంకారం కోసం రాసింది కాదు. ఇచ్చేవరకు అది భర్త మీద అప్పు. జనాజా దగ్గర భార్య చేత మాఫీ చెప్పించడం ఎంత బాధాకరమైన ఆచారం! దుఃఖంలో మునిగి ఉన్న ఆడమనిషి చుట్టూ పదిమంది నిలబడి ఆ మాట అనిపిస్తారు. అలా అనిపించినది మనస్ఫూర్తిగా మాఫీ చేయడం ఎలా అవుతుంది?

దివాలాకోరు ఎవరు?

దైవప్రవక్త (సఅసం) ఒకసారి సహాబాలను దివాలాకోరు (ముఫ్లిస్) ఎవరని అడిగారు. డబ్బూ సామగ్రీ లేనివాడని వారన్నారు. ఆయన (సఅసం) వివరించారు: నా సమాజంలో దివాలాకోరు ఎవరంటే, ప్రళయదినాన నమాజు, రోజా, జకాత్ తీసుకొస్తాడు, కాని ఒకరిని తిట్టి, ఒకరి మీద నింద మోపి, ఒకరి సొమ్ము తిని, ఒకరిని కొట్టి ఉంటాడు. అతని పుణ్యాలు వాళ్లకు పంచబడతాయి. పుణ్యాలు అయిపోతే వాళ్ల పాపాలు అతని మీద వేయబడతాయి. చివరికి నరకంలో విసిరివేయబడతాడు (ముస్లిం).

ఒకరి బరువు మరొకరు మోయరని ఇందాక చెప్పుకున్నాం కదా, మరి ఇదేమిటని సందేహం రావచ్చు. ఇందులో విరుద్ధం లేదు. అతను మోస్తున్నది పరాయి బరువు కాదు, తాను తిన్న సొమ్ముకు చెల్లిస్తున్న మూల్యం. అక్కడ దిర్హము, దీనారు చెల్లవు గనుక పుణ్యాలతోనే చెల్లించాలి. చెల్లెలి అరెకరం పొలానికి బదులుగా ఎన్నేళ్ల నమాజులు ఇచ్చుకోవాలో ఎవరికి తెలుసు?

ఇప్పుడు మనం ఏం చేయాలి?

వసీయతు చేయవలసినది ఏదైనా ఉన్న ముస్లిం, అది రాసి తన దగ్గర పెట్టుకోకుండా రెండు రాత్రులు గడపడం తగదని మహాప్రవక్త (సఅసం) ఉపదేశించారు (బుఖారీ, ముస్లిం). అప్పును రాసుకోమని చెప్పే ఆయతు (అల్ బఖరా: 282) ఖుర్ఆన్‌లోకెల్లా పెద్ద ఆయతు. కాబట్టి ఇషా నమాజు తర్వాత ఒక కాగితం తీసుకుని ఈ నాలుగు విషయాలు రాయండి.

1. నా దగ్గర ఇతరుల వస్తువులు, సొమ్ము ఏమున్నాయి? ఎవరివి? ఎక్కడ ఉన్నాయి?

2. నేను ఎవరెవరికి బాకీ ఉన్నాను? దుకాణం ఖాతా, చేబదులు, కూలివారి జీతం, భార్య మహర్ అన్నీ ఇందులో వస్తాయి.

3. మా నాన్నగారి ఆస్తిలో ఇంకా పంచవలసిన వాటా ఎవరెవరికి ఉంది? లెక్క తెలియకపోతే దగ్గరలోని ఆలిమ్‌ను, ముఫ్తీని అడిగి వాటాలు రాయించుకోండి.

4. అల్లాహ్‌కు నేను బాకీ ఉన్నవి ఏవి? ఇవ్వని జకాత్, తప్పిన రోజాలు, తీర్చని మొక్కుబడులు.

ఈ కాగితాన్ని ఇంట్లో ఒకరికి చూపించి, ఇద్దరు సాక్షులతో సంతకం చేయించండి. తర్వాత ఇవ్వగలిగినవి వెంటనే ఇవ్వడం మొదలుపెట్టండి. ఒకేసారి ఇవ్వలేకపోతే గడువు అడగండి. హక్కుదారుడు చనిపోయి ఉంటే అతని వారసులకు ఇవ్వండి. ఇవ్వాలన్న సంకల్పంతో అప్పు తీసుకున్నవాడికి అల్లాహ్ తీర్చే దారి చూపుతాడనీ, ఎగ్గొట్టాలన్న ఉద్దేశంతో తీసుకున్నవాణ్ణి నాశనం చేస్తాడనీ హదీసులో ఉంది (బుఖారీ).

తల్లులకు ఒక మాట. పిల్లలకు అమానతు నేర్పించేది ఇల్లే. స్నేహితుడి పెన్సిలు ఇంటికి తెచ్చినప్పుడు, మిగిలిన చిల్లర జేబులో వేసుకున్నప్పుడు, చిన్నదే కదా అని ఊరుకోకండి. చెప్పుల వారు తెచ్చి అప్పగించిన ఆ మనిషి కథ చెప్పండి. వాడి చేతనే వెనక్కి ఇప్పించండి.

ప్రియమైన సోదర సోదరీమణులారా! మన మీద లెక్క తీసుకునే రోజు రాకముందే మన లెక్క మనమే చూసుకుందాం. హక్కుదారుడు బతికి ఉండగా, మనం బతికి ఉండగా ఇవ్వడం తేలిక. ఈ రెండింటిలో ఏది ముందు ముగుస్తుందో మన చేతిలో లేదు.

అల్లాహ్ మనకు అమానతులను హక్కుదారులకు చేర్చే భాగ్యాన్ని ప్రసాదించుగాక! మన అక్కచెల్లెళ్ల హక్కులు, మన తోటివారి హక్కులు మన మెడ మీద ఉండగా మనల్ని తన సన్నిధికి పిలవకుండా ఉండుగాక! మన లెక్కను తేలిక చేయుగాక! ఆమీన్.